పదవీచ్యుతుడు, ఉద్వాసన, గద్దె దిగడం

సందేహం: శ్రీలంక మాజీ అధ్యక్షుడు గొటబాయ రాజపక్సను గురించి రాస్తూ ఒకరు 'పదవీచ్యుతుడైన' అంటారు, ఒకరు 'ఉద్వాసనకు గురైన' అంటారు, మరొకరు 'గద్దె దిగిన' అంటారు. ఆయన రాజీనామా చేశారు కదా, వీటిలో ఏది సరి?

సమాధానం: ఆయన పదవి పోయిన తీరును బట్టే మాటను ఎంచుకోవాలి. 2009లో ఎల్‌టీటీఈపై యుద్ధం ముగిసినప్పుడు రక్షణ కార్యదర్శిగా ఉన్న గొటబాయ, ఆ పేరుతోనే 2019 నవంబరులో 69 లక్షల పైచిలుకు ఓట్లతో అధ్యక్షుడయ్యారు. ఎడాపెడా పన్నుల కోత, కోవిడ్‌తో పడిపోయిన పర్యాటకం, 2021లో రసాయన ఎరువులపై ఉన్నపళంగా విధించిన నిషేధం కలిసి ఆర్థిక వ్యవస్థను కుంగదీశాయి. విదేశీ మారకద్రవ్యం అడుగంటి, 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి అక్కడి ఈతకొలనులో జలకాలాడారు. 13న ఆయన సైనిక విమానంలో మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లి రాజీనామాను ఈమెయిల్‌లో పంపారు.

ఇల్లు వదిలి, దేశం దాటి రాజీనామా పంపినవారిని 'గద్దె దిగారు' అనడం మరీ మర్యాద. 'దిగు' అకర్మక క్రియ కనుక తానై దిగినట్టే వినిపిస్తుంది. 'జనం గద్దె దించారు' అంటే జరిగినదానికి దగ్గరగా ఉంటుంది.

వినాయక చవితి పూజ చేసేవారికి 'ఉద్వాసన' కొత్త మాట కాదు. ఆవాహన చేసిన మూర్తిని పూజాంతంలో సాగనంపడమే అది. ఆహ్వానించినవారే వీడ్కోలు చెబుతారు. ముఖ్యమంత్రి ఒక మంత్రికి ఉద్వాసన పలికారంటే చక్కగా అతుకుతుంది. అధ్యక్షుణ్ణి తొలగించే అధికారం శ్రీలంక రాజ్యాంగం పార్లమెంటుకు ఇచ్చినా, గొటబాయ విషయంలో ఆ ప్రక్రియ నడవలేదు కనుక వార్తలో ఈ మాట పొసగదు. అయితే ఓటు వేసి పిలిచినవారిలోనే చాలామంది 'గో హోమ్ గోటా' అన్నారు కాబట్టి, వ్యాసంలో ఎవరైనా అలంకారంగా వాడితే నేను తప్పుపట్టను.

ఇక 'చ్యుతుడు'. 'చ్యు' ధాతువుకు కదలడం, జారడం అని అర్థాలు. జారనివాడు కనుకనే విష్ణువు అచ్యుతుడు. తానే జారాడా, ఎవరైనా తోశారా అన్నది ఈ మాట చెప్పదు. కాగితం మీద రాజీనామా, వాస్తవంలో తరిమివేత అయిన ఇలాంటి సందర్భానికి 'పదవీచ్యుతుడయ్యారు' అన్నదే సరిగ్గా సరిపోతుంది. 'పదవీచ్యుతుణ్ణి చేశారు' అని రాస్తే మాత్రం ఎవరు చేశారో చెప్పవలసి వస్తుంది. 'పదభ్రష్టుడు' అనకపోవడమే మంచిది. అందులో వార్త కంటే తీర్పు ఎక్కువ. తెలుగులో విడిగా 'పదవి' అని హ్రస్వంగా రాసినా, సంస్కృత సమాసంలో అది 'పదవీ' అవుతుంది కనుక 'పదవిచ్యుతుడు' అని రాయకూడదు.