వంటింటి సందేహాలు: సారె అరిసెలు, క్రిస్మస్ కేకు

ప్రశ్న: డిసెంబర్‌లో అమ్మాయి పెళ్ళి. సారెకీ, క్రిస్మస్‌కి ఇరుగుపొరుగుకు పంచడానికీ అరిసెలు చేయాలి. కిందటిసారి నూనెలో వేయగానే విడిపోయాయి. ఎందుకని?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాకం లేతగా ఉండగానే దించేసి ఉంటారు. కిలో బియ్యానికి సుమారు ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, నొక్కి మూత పెట్టండి. ప్యాకెట్ పొడిపిండి ఈ పనికి దండగ.

చన్నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసి వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. జారిపోతే లేత. పళ్ళేనికి కొట్టినప్పుడు టంగుమంటే ముదురు, ఇక అరిసెలు రాళ్ళే! ఉండ రాగానే దించి, నెయ్యి, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి పోస్తుంటే మరొకరు తెడ్డుతో కలపాలి. చలిమిడి ముద్దయితే చాలు, పిండి మిగిలినా ఆపేయండి. ముందు ఒక్కటే వేయించి చూడండి. విడిపోతే ఆ మిగిలిన తడిపిండి గుప్పెడు కలపండి. మంట మధ్యస్థంగా ఉంచి, తీయగానే అరిసెల చెక్కలతో నూనె నొక్కేయాలి. వేడిమీదే డబ్బాలో సర్దితే ఆవిరికి బూజు పడుతుంది.

ప్రశ్న: కేకులోకి ఎండుపళ్ళు రమ్ము బదులు ద్రాక్షరసంలో నానబెట్టవచ్చా?

జవాబు: నిక్షేపంగా. ఫ్రిజ్‌లో ఒక్కరోజు చాలు, బయట ఉంచితే పులుస్తుంది. వడకట్టి, చెంచా మైదా పట్టించి కలిపితే అడుక్కి దిగవు.