స్టేషన్‌కు వెళ్లేముందు

చిరంజీవి అమ్మాయికి,

బొబ్బిలి నుంచి మామయ్య ఆశీస్సులు. కస్టడీలో చిత్రహింసల మీద, విచారణ లేకుండా జైళ్లలో మగ్గేవారి తరఫున శ్రీకాకుళంలో మీ క్రైస్తవ సంఘం యువజనులు పనిచేస్తామంటున్నారని తెలిసి సంతోషించాను. కొవ్వొత్తుల ప్రదర్శన తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఒక నోటుపుస్తకం కొనండి.

ఎవరినైనా పట్టుకెళ్లారని కబురు రాగానే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు చూస్తుండగా అన్నది ఇంటివాళ్లను అడిగి రాసుకోండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. సోమవారం రాత్రి పట్టుకెళ్లిన మనిషిని బుధవారం ఉదయం అరెస్టు చేసినట్టు కాగితాల్లో చూపించడం కొత్తేమీ కాదు. దెబ్బలు పడేది ఆ లెక్కలో లేని గంటల్లోనే. అందుకే ఎస్పీకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆ రాత్రే అర్జీ వెళ్లాలి. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం, బంధువులకు సమాచారం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష ఉండాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అర్జీలో ఆ కేసు పేరు రాయండి.

కోర్టులో మేజిస్ట్రేటు "కొట్టారా?" అని అడిగితే, పక్కన కానిస్టేబులు ఉండగా కుర్రాడు లేదనే అంటాడు. వైద్య పరీక్ష కావాలని వకీలే అడగాలి. రక్తపు మరకల చొక్కా ఇంటికి వస్తే ఉతకవద్దని వాళ్ల అమ్మకు చెప్పండి. పాపం, ఏ తల్లయినా ముందు చేసేది ఆ పనే.

"ఇది రాజకీయం, మనకెందుకు?" అని సంఘ పెద్దలు తప్పక అంటారు. వాళ్లచేత బైబిల్లో అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం చదివించు. కొరడా దెబ్బలకు కట్టినప్పుడు, నేరం తేలకుండా రోమా పౌరుణ్ణి కొట్టవచ్చా అని పౌలు శతాధిపతిని నిలదీశాడు. ప్రార్థన తెలియక కాదు కదా! 24వ అధ్యాయంలో అధిపతి ఫేలిక్సు లంచానికి ఆశపడి అదే పౌలును రెండేళ్లు తేల్చకుండా ఉంచాడు. మన రోజుల్లో, ఆదివాసీల హక్కుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి ఫాదర్‌ను 2020 అక్టోబరులో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, గొట్టంతో తాగే సిప్పర్ కప్పు కోసం కోర్టును అడగవలసి వచ్చింది. విచారణ మొదలుకాకుండానే 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పట్టుబడినవాడు మన సంఘంవాడా, నేరం చేశాడా అని మాత్రం ఆరా తీయకండి. దొంగనైనా కొట్టే హక్కు ఎవరికీ లేదు.

అంపోలు జైల్లో ఉన్నవారి విషయానికొస్తే, చార్జిషీటు గడువు చూడండి. నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజుల్లో అది పడకపోతే బెయిలు హక్కవుతుంది. ఉపా కేసుల్లో ఆ గడువును 180 రోజులదాకా పెంచవచ్చు. బెయిలు వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లూ ఉంటారు. ఆసరా కావలసింది అక్కడే. జామీను సంతకం పెట్టేవారికి మాత్రం, ముద్దాయి వాయిదాకు రాకపోతే డబ్బు కట్టవలసి రావచ్చని ముందే చెప్పు.

ములాఖత్‌కు, అంటే జైల్లో ఉన్నవారిని చూడడానికి, వెళ్లినప్పుడు కరపత్రాలు పట్టుకెళ్లకండి. మతప్రచారమన్న మాట వస్తే నష్టపోయేది లోపలున్న మనిషే.

అర్జీ నమూనా దీనితో పంపుతున్నాను. వాడేముందు మీ వకీలుకు ఒకసారి చూపించు.

మామయ్య