రెండు వైపులా 168 ఉంది, మధ్యలో దారి లేదా?

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉంటాడు. జులైలో మమ్మల్ని కొండలకి అవతల ఉన్న బిషప్ అనే ఊరికి తీసుకెళ్తానంటున్నాడు. మ్యాపులో ఫ్రెస్నో నుంచి కొండల్లోకి వెళ్లేది స్టేట్ రూట్ 168, అవతల బిషప్‌లో ఉన్నదీ 168యే. హంటింగ్టన్ లేక్ దాటి నేరుగా పోకూడదా? అబ్బాయేమో చుట్టూ తిరగాలంటాడు. - ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే నిజమమ్మా. నంబరు ఒకటే గానీ రోడ్డు ఒకటి కాదు. కాలిఫోర్నియా చట్టంలోనే 168ని విడివిడిగా రాశారు. ఫ్రెస్నో నుంచి వచ్చేది హంటింగ్టన్ లేక్ దగ్గర ఆగిపోతుంది. అవతల మళ్లీ సబ్రైనా లేక్ దగ్గర మొదలై బిషప్‌కి దిగుతుంది. రెంటి మధ్య సూటిగా కొలిస్తే 50 కిలోమీటర్లే. కానీ అడ్డంగా ఉన్నది సియెర్రా నెవాడా!

ఆ కొండలు పడమటి వైపు మెల్లమెల్లగా లేస్తాయి కాబట్టి హైవే 7,000 అడుగులు దాటి ఎక్కగలిగింది. తూర్పు వైపు గోడలా దిగిపోతాయి. పైగా నడుమ ఉన్నది జాన్ మ్యూర్ వైల్డర్‌నెస్, అంటే చట్టం కాపాడే అడవి ప్రాంతం. 1964 నాటి చట్టం ప్రకారం అక్కడ రోడ్డు వేయకూడదు, బండి నడపకూడదు, సైకిలు కూడా. వీపున సామాను వేసుకుని 11,400 అడుగుల పైచిలుకు ఎత్తున్న పైయూట్ పాస్ (కనుమ) మీదుగా నడిచి దాటేవాళ్లున్నారు. ఆ కొండల్ని అలా వదిలేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

హంటింగ్టన్ దాటాక కైజర్ పాస్ రోడ్డు కనబడి ఆశపెడుతుంది, జాగ్రత్త. చాలా దూరం ఒక్క బండి పట్టేంత వెడల్పే. మలుపులో ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు కాస్త వెడల్పున్న చోటిదాకా రివర్స్‌లో పోవాలి, పక్కనేమో లోయ. అంత టెన్షన్ పడి వెళ్లినా అది ఫ్లారెన్స్, ఎడిసన్ లేక్‌ల దగ్గర ఆగిపోతుంది, అవతలికి దాటదు.

జులై కాబట్టి హైవే 41 మీద యోసెమిటీ నేషనల్ పార్క్ చేరి, టియోగా పాస్ దాటి, లీ వైనింగ్ ఊరి దగ్గర హైవే 395 ఎక్కి దక్షిణంగా బిషప్‌కి రండి. బయల్దేరే ముందు టియోగా తెరిచారో లేదో చూసుకోండి. మంచు ఎక్కువ పడిన ఏడాది జులైలో కూడా మూసే ఉంచిన సందర్భాలున్నాయి. చలికాలమైతే ఆ దారి ఉండదు, బేకర్స్‌ఫీల్డ్, టెహచాపీ, మొహావి మీదుగా బాగా కిందికి పోయి రావాల్సిందే.

బిషప్ దాకా వెళ్లాక 168లో ఇంకో ముక్క మాత్రం వదలకండి. బిగ్ పైన్ నుంచి తూర్పుగా వైట్ మౌంటెన్స్‌లోకి ఎక్కుతుంది. వెస్ట్‌గార్డ్ పాస్ దగ్గరలో ఎడమకి తిరిగితే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు, కొన్నిటి వయసు 4,000 ఏళ్లు దాటింది. అక్కడ సుమారు 10,000 అడుగుల ఎత్తు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. మీకు గానీ మీవారికి గానీ గుండె జబ్బుంటే ముందే డాక్టర్‌ని అడగండి. నీళ్లు, పెట్రోలు బిగ్ పైన్‌లోనే నింపుకోండి, పైన బంకులు లేవు.