క్లాప్టన్, జెఫ్ బెక్, జిమ్మీ పేజ్: ముగ్గురిలో ఎవరి వాయింపు మేలు?

మీరు నిజానికి రెండు ప్రశ్నలు అడిగారు. యార్డ్‌బర్డ్స్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండులో 1960లలో గిటార్ వాయించిన ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్, జిమ్మీ పేజ్‌లలో ఎవరు గొప్ప అన్నది ఒకటి. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌ని వీళ్ల పక్కన ఎక్కడ కూర్చోబెట్టాలన్నది రెండోది. నా ఓటు బెక్‌కి. ఇరవై ఏళ్ల కిందట అడిగి ఉంటే మాత్రం పేజ్ అని బల్ల గుద్ది చెప్పేవాణ్ని.

అప్పట్లో మా ఇంజినీరింగ్ హాస్టల్లో నేను పేజ్ పార్టీ, నా రూమ్మేట్ గిల్మర్ పార్టీ. మెస్‌లో సాంబారు చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లం. "మావాడు మనసుతో వాయిస్తాడు, మీవాడు వేళ్లతో వాయిస్తాడు, అది కూడా స్టేజీ మీద సగం తప్పులు" అనేవాడు వాడు. "మీవాడు ఒక స్వరం వాయించి రెండోది ఆలోచించేలోపు మావాడు పాట ముగిస్తాడు" అనేవాణ్ని నేను. ఇద్దరికీ గిటార్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు!

ఆ మనసు, వేళ్లు అన్న లెక్క ఎంత తప్పో చాలా కాలానికి తెలిసింది. పింక్ ఫ్లాయిడ్ పాట 'కంఫర్టబ్లీ నంబ్' (1979) చివరి సోలో, అంటే గిటార్ ఒంటరిగా పాడే భాగం, ఒక్క ఊపులో గుండెల్లోంచి పొంగుకొచ్చిందని నా రూమ్మేట్ నమ్మకం. గిల్మర్ ఐదారు సోలోలు వాయించి, ఏ టేకులో ఏ ముక్క బాగుందో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, ఆ ముక్కల్ని అతికించి దాన్ని తయారుచేశాడు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. మరోపక్క తన బ్యాండు లెడ్ జెప్పెలిన్ పాట 'స్టెయిర్‌వే టు హెవెన్' (1971) సోలోని పేజ్ పెద్దగా ముందస్తు ప్లాన్ లేకుండా మూడుసార్లు వాయించి, అందులో ఒకటి ఏరుకున్నాడు. రూమ్మేట్ మాట ప్రకారమే చూస్తే లెక్కలు వేసుకున్నవాడు గిల్మర్, అప్పటికప్పుడు అల్లినవాడు పేజ్. అన్నట్టు, ఆ సోలో వాయించిన టెలికాస్టర్ గిటార్ బెక్ ఇచ్చిన కానుక.

ఉద్యోగం వచ్చాక హైదరాబాద్‌లో ఒక చవక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. స్పీడ్ గురించి నాకున్న టెన్షన్ అంతా వృథా అని ఆరు నెలల్లో తేలిపోయింది. మెట్రోనోమ్ పెట్టుకుని రోజూ గంట కూర్చుంటే స్పీడ్ కొంతైనా వస్తుంది. రానిది బెండ్. తీగని నొక్కిన చోటే నొక్కి ఉంచి పక్కకి తోస్తే స్వరం పైకి లేస్తుంది. ఎంత తోయాలో ఏ ఫ్రెట్టూ (గిటార్ మెట్టు) చెప్పదు, చెవే చెప్పాలి. గిల్మర్ ఒక్క ఫ్రెట్ దగ్గరే నిలబడి తీగని లాగుతూ రెండు మూడు స్వరాలు ఎక్కేస్తాడు. నేను ఒక్కటి ఎక్కడానికే నెలలు పట్టింది.

ఒక సంక్రాంతికి గిటార్ ఊరికి తీసుకెళ్లాను. మా పిన్ని వీణ వాయిస్తుంది. నా గిల్మర్ సాధన కాసేపు విని, వంటింట్లోంచే కేకేసింది. "ఒరేయ్, తీగ లాగడం బానే ఉంది గానీ గాంధారం దాకా పోవట్లేదు. ఇంకాస్త లాగు." ఆవిడకి అదేం కొత్త విద్య కాదు. వీణకీ మెట్లు కదలవు, గమకం పలకాలంటే తీగని పక్కకి లాగాల్సిందే. ఆ మధ్యాహ్నం ఆవిడ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టి ఒక్కొక్కరినే వినిపించాను. ఇన్నేళ్ల వాదనల్లో రానిది ఆ రెండు గంటల్లో నాకు అర్థమైంది.

ముందు క్లాప్టన్. 1966లో జాన్ మేయల్ బ్యాండు బ్లూస్‌బ్రేకర్స్‌తో చేసిన ఆల్బమ్, లెస్ పాల్ గిటార్‌ని మార్షల్ ఆంప్లిఫయర్‌కి తగిలించి గట్టిగా పెట్టి వాయించినది. పిన్ని మొదటి మాట, "శుద్ధ ధన్యాసిలా ఉంది." నిజమే, బ్లూస్ సంగీతం వాళ్ల అయిదు స్వరాల మైనర్ స్కేలూ శుద్ధ ధన్యాసి రాగమూ ఒకే స్వరాలు. రెండో మాట, "కంపితం ఎంత నిలకడగా ఉందిరా!" క్లాప్టన్ వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) గురించి అభిమానులు పేజీలు పేజీలు రాస్తారు, ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. మూడో పాటకి మాత్రం "ఇతను ఈ అయిదు దాటి బయటికి రాడా?" అని ఇయర్‌ఫోన్లు తీసేసింది.

పేజ్ ఆవిడకి ఎక్కలేదు. "తొందర మనిషి" అంది. నాకు రోషం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. పేజ్‌ని సోలోలతో కొలవడమే అన్యాయం. లండన్ స్టూడియోల్లో పక్కవాళ్ల పాటలకి వాయించి వాయించి పని నేర్చుకున్నవాడు, లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్‌లకి తనే ప్రొడ్యూసర్. ఒక గిటార్ మీద ఇంకో గిటార్ పేర్చి, కింద అకూస్టిక్, పైన ఎలక్ట్రిక్ పెట్టి పాటని కడతాడు. 'కశ్మీర్' (1975)కి తీగల శృతే మార్చి డి-ఎ-డి-జి-ఎ-డి అని పెట్టుకున్నాడు. స్టేజీ మీద వేళ్లు తడబడతాయన్న మాట ఒప్పుకుంటాను. ఆ రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలు) కట్టినవాడు తడబడినా నాకేం అభ్యంతరం లేదు.

ఇక బెక్. యార్డ్‌బర్డ్స్ 1965లో 'హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్' పాటకి ఒక సితార్ కళాకారుణ్ని పిలిపించారు, అది కుదరలేదు. అప్పుడు బెక్ స్వరాన్ని గరగరలాడించే ఫజ్ పెట్టె తగిలించి సితార్ పోలికని గిటార్ మీదే పలికించాడు. 1980లు వచ్చేసరికి పిక్ (తీగలు మీటే బిళ్ల) అన్నదే వదిలేశాడు. బొటనవేలితో మీటుతూ, అదే చేత్తో వాల్యూమ్ తిప్పుతూ, తీగల బిగువు మార్చే ట్రెమొలో కడ్డీని పైకీ కిందకీ కదుపుతూ వాయించేవాడు. మీటిన 'టింగ్' వినపడకుండా వాల్యూమ్‌ని తర్వాత పెంచితే, స్వరం గొంతులోంచి వచ్చినట్టు మెల్లగా లేస్తుంది. 'వేర్ వర్ యూ' (1989) వినండి, ఆ కడ్డీతోనే రాగం పాడించాడు. నేనూ ప్రయత్నించాను. రెండు నిమిషాల్లో ఆరు తీగల శృతీ పోయింది.

(మెట్ల వాయిద్యం మీద గమకమా అని నవ్వేవాళ్లకి మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్‌తో ఎప్పుడో జవాబు చెప్పాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నది అందుకే.)

పిన్నికి ఆఖరున వినిపించింది బెక్ 2001 ఆల్బమ్‌లోని 'నదియా'. అది నితిన్ సాహ్నీ పాట, ఒరిజినల్‌లో ఒక గాయని హిందుస్తానీ పద్ధతిలో పాడింది. ఆ గొంతు పాడినదాన్నంతా బెక్ గిటార్ మీదకి దించాడు, జారులతో సహా. ఆవిడ కళ్లు మూసుకుని పూర్తిగా విని, "ఇతను ఎవరి శిష్యుడురా?" అని అడిగింది. ఇంగ్లండ్‌లో కార్లు బాగుచేసుకునే పిచ్చి ఉన్న ఒక రాక్ మనిషి అని చెబితే నమ్మలేదు.

కాబట్టి నా వరస ఇది: బెక్, గిల్మర్, పేజ్, క్లాప్టన్. పాటని కట్టడమే లెక్క అయితే పేజ్ మొదటికి వస్తాడు. నా పాత రూమ్మేట్ ఇది చదివితే గిల్మర్‌ని రెండో స్థానంలో పెట్టినందుకు ఈ రాత్రికే ఫోన్ చేస్తాడు. వాడికి గిటార్ ఇప్పటికీ రాదు.