పాలియేటివ్ కేర్ మొదలుపెడితే పిల్లలకు అసలు చికిత్స ఆపేస్తారా?

ఆపరు; పాలియేటివ్ కేర్ అంటే రోగి బాధను తగ్గించే సేవ, వ్యాధికి చికిత్స, బాధకు ఉపశమనం రెండూ ఒకేసారి నడుస్తాయి. పిల్లల విషయంలో ఈ సేవ వ్యాధి నిర్ధారణ అయినప్పుడే మొదలవ్వాలని, వ్యాధికి మందు వాడుతున్నా లేకున్నా కొనసాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. నొప్పి, ఆయాసం, వాంతులు, భయం చివరి రోజుల దాకా ఆగి రావు కదా. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న 103 మంది తల్లిదండ్రులతో బోస్టన్‌లో మాట్లాడి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఆఖరి నెలలో 89 శాతం పిల్లలు కనీసం ఒక లక్షణంతోనైనా తీవ్రంగా బాధపడ్డారని తేలింది.

రక్త క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఆరేళ్ల పాపను ఊహించుకోండి. నోటి నిండా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేదు. నర్సు నొప్పి లేని ముఖం నుంచి విపరీతమైన నొప్పి ఉన్న ముఖం దాకా ఆరు బొమ్మలున్న కార్డు చూపిస్తే, పాప చిట్టచివరి ముఖం మీద వేలు పెడుతుంది. దాన్నిబట్టి తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అనే మందు మోతాదు నిర్ణయిస్తారు. నొప్పి తగ్గితే తింటుంది, నిద్రపోతుంది, కీమోను తట్టుకుంటుంది. ఈ హడావుడిలో ఎవరూ పట్టించుకోని అన్నయ్యతో కూర్చుని మాట్లాడటం కూడా పాలియేటివ్ కేర్ బృందం పనే.

మార్ఫిన్ అంటే ఆఖరి మందని, వ్యసనమైపోతుందని చాలామంది వద్దంటారు. పాపం, బాధ పడేది బిడ్డ. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో ఇస్తే వ్యసనంగా మారడం అరుదు. కొన్నాళ్లు వాడాక క్రమంగా తగ్గించేది శరీరం దానికి సర్దుకుని ఉంటుంది కాబట్టే. అది వ్యసనం కాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ఈ సేవ ఉంది.