మీ ప్రశ్న – మా జవాబు: పతకం కొట్టేసే పందెం

ప్రశ్న: అమెరికా పోలీసు కామెడీ సీరియల్ 'బ్రూక్లిన్ నైన్-నైన్'లో హాలోవీన్ దొంగాట భలే నచ్చింది. మా ఆఫీసులో పదిమందిమి. అలాంటిది ఆడొచ్చా?

జవాబు: ఆడొచ్చు, కానీ ముందు మొదటి సీజన్ (2013) హాలోవీన్ ఎపిసోడ్ ఇంకోసారి చూడండి. అర్ధరాత్రిలోపు స్టేషన్ బాస్ కెప్టెన్ హోల్ట్ పతకాన్ని కొట్టేస్తానని డిటెక్టివ్ జేక్ ఆయనతోనే పందెం కాస్తాడు. వస్తువు ఒకటే, గడువు ఒకటే. అందుకే ఆట రక్తి కడుతుంది. మిగతా జట్టు లోపాయికారీగా జేక్‌తో కలిసిందన్న సంగతి చివర్లో గానీ బయటపడదు. మీ ఆటకీ ప్రాణం అదే.

వస్తువు గుప్పిట్లో పట్టేదై ఉండాలి, పగిలేది కాకూడదు. పాత స్టాంపు డబ్బా చాలు. కప్పులొద్దు, ఎవరో ఒకరు టీ పోసేసుకుంటారు! పదిమందికి ముగ్గురేసి మూడు జట్లు, మిగిలినాయన అంపైరు. గడువు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. గంట మరీ తక్కువ, ఎత్తు వేసే వ్యవధి ఉండదు. రోజంతా అయితే పని అటకెక్కుతుంది.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, వస్తువును సొంత బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. ఇక వెతకడానికేముంది? తాళాలు, సొంత బ్యాగులు, జేబులు నిషేధం. గడువు ముగిసేసరికి ఎవరి బల్లమీద ఉంటే ఆ జట్టుదే గెలుపు.

అదే సీరియల్లో బాంబులు తీసేవాళ్ల బరువైన సూట్లు వేసుకుని పరుగెత్తే 'జిమ్మీ జాబ్ గేమ్స్' పోటీల (రెండో సీజన్) జోలికి మాత్రం పోకండి. నున్నటి గచ్చుమీద కాళ్లు జారతాయి.