నాదస్వరం కచేరీ రికార్డింగు: చిన్న మైకులకు బ్యాటరీ బాక్స్ కావాలా?

మీరు అడిగింది ఇదీ: రెండు చిన్న క్లిప్ మైకులు కాలర్‌కి పెట్టుకుని, చేతి రికార్డర్ మైక్ ఇన్‌లో గుచ్చి గుళ్లో నాదస్వరం రికార్డు చేస్తే, డోలు అందుకోగానే శబ్దం పగిలిపోతోంది. గెయిన్ (రికార్డర్‌లో శబ్దం పెంచే, తగ్గించే సెట్టింగు) తగ్గించినా అంతే. మైకులకు 9 వోల్టుల బ్యాటరీతో కరెంటిచ్చే బ్యాటరీ బాక్స్ కొంటే సరిపోతుందా?

సరిపోతుంది. అయితే దాని వైరు మైక్ ఇన్‌లో కాదు, గట్టి సిగ్నల్ తీసుకునే లైన్ ఇన్‌లో పెట్టాలి. వాయించేవాళ్ల అనుమతి తీసుకుని మా వైపు గుళ్లలో, పెళ్లిళ్లలో మేళం రికార్డు చేస్తుంటాను. డోలును సరిగ్గా పట్టాలంటే నాకు ఇదొక్కటే పనిచేసింది.

ముందు రికార్డింగును ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, డోలు దెబ్బ దగ్గర బాగా జూమ్ చేసి చూడండి. అలల కొనలు కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయా? లెవెల్ మాత్రం గరిష్ఠమైన సున్నా దాకా రాకుండా మైనస్ 8, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయిందా? అయితే శబ్దం గెయిన్ దాకా రాకముందే, మైకులోనో మైక్ ఇన్ మొదటి దశలోనో పగిలింది. ఇక గెయిన్ ఎంత తగ్గించినా చిన్నగా వినిపిస్తుందే తప్ప బాగుపడదు.

ఈ మైకులు ఎలక్ట్రెట్ రకం. వాటి లోపలి చార్జి తయారీలోనే వచ్చేస్తుంది. మనమిచ్చే కరెంటు అందులోని బుల్లి ట్రాన్సిస్టర్ కోసం. రికార్డర్ నుంచి ప్లగ్ ఇన్ పవర్ పేరుతో వచ్చేది చాలావాటిలో 3 వోల్టులకు అటూ ఇటూ. మాటలకు, వీణకు అది చాలు. డోలు మీద కర్ర దెబ్బ దగ్గర్నుంచి పడితే మాత్రం అంత తక్కువ వోల్టేజీలో ఆ ట్రాన్సిస్టర్ తట్టుకోలేదు. 9 వోల్టులిస్తే తట్టుకుంటుంది. మీ మైకు గరిష్ఠంగా ఎన్ని వోల్టులు తీసుకుంటుందో డేటాషీట్‌లో చూసుకోండి, చాలావాటికి 10 ఉంటుంది.

సోల్డరింగ్ వస్తే బాక్సు ఇంట్లోనే చేసుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి ఒక్కో మైకుకి విడిగా 4.7 కిలో ఓమ్ రెసిస్టర్. అది మైకుతో కలిసే చోటు నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా రికార్డర్‌కి. కెపాసిటర్ ప్లస్ కాలు మైకు వైపు ఉండాలి. బ్యాటరీ మైనస్, మైకుల షీల్డు, అవుట్‌పుట్ గ్రౌండు కలిపేయాలి. స్టీరియో పిన్నులో కొస ఎడమ చానెల్, మధ్య రింగు కుడి, మొదలు గ్రౌండు. ఒక్కో మైకు తీసుకునేది సుమారు అర మిల్లీఆంపియరే, కాబట్టి మంచి ఆల్కలైన్ బ్యాటరీ వందల గంటలు వస్తుంది. బ్యాటరీ క్లిప్పు వదులైతే ప్రతి కదలికకీ టక్ టక్ వినిపిస్తుంది, టేపు చుట్టండి.

కొన్ని రికార్డర్లలో మైక్, లైన్ రెండింటికీ ఒకటే రంధ్రం ఉంటుంది. అప్పుడు మెనూలో లైన్ ఎంచుకుని, ప్లగ్ ఇన్ పవర్ ఆపేయండి. ఆలాపన కాస్త చిన్నగా పడుతుంది, టెన్షన్ పడకండి. 24 బిట్‌లో (రికార్డర్ నాణ్యత సెట్టింగు) రికార్డు చేసి తర్వాత పెంచుకోవచ్చు. డోలు గట్టిగా మోగేటప్పుడు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకపోతే చాలు.

ఈ మైకుల్ని 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరులోనే పంపే కరెంటు) ఉన్న మిక్సర్‌కి మామూలు కన్వర్టర్ పిన్నుతో ఎప్పుడూ పెట్టొద్దు, మైకు పోవచ్చు. వోల్టేజీ తగ్గించే రోడ్ కంపెనీ వీఎక్స్ఎల్ఆర్ ప్లస్ లాంటి అడాప్టర్లు ఉన్నాయి. ఫోన్ హెడ్‌సెట్ రంధ్రంలోకి ఒక మైకే వెళ్తుంది, స్టీరియో రాదు.

పందిట్లో పెద్ద ఫ్యాన్లకు ఎదురుగా కూర్చోకండి, స్పాంజి తొడుగున్నా గాలి దడదడ పడుతుంది.

షేక్ చిన మౌలానా గారి నాదస్వరం ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఊరి గుళ్లో వాయించేవాళ్లది మీరు రికార్డు చేస్తేనే ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాశాను. ఇంకా ఖర్చు పెట్టగలిగితే డీపీఏ కంపెనీ చిన్న మైకుల్లో 4060 కాకుండా 4061 తీసుకోండి. సున్నితత్వం తక్కువైనా 144 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది, 4060 అయితే 134 వరకే. దానికి మైక్రోడాట్ అనే వేరే రకం కనెక్టరు ఉంటుంది కాబట్టి అడాప్టర్ కూడా లెక్కలో వేసుకోండి.